చైను వైపు చువ్వలు

నరసరావుపేట నుంచి గురజాల, మాచర్ల దాకా సైకిలు మీద వెళ్లి రావడం గురించి ఇదివరకు ఒకసారి రాశాను. రెండేళ్ల కిందట మా సైకిలు మిత్రులు నడిపే చిన్న మాసపత్రికలో అది వచ్చింది. చదివినవాళ్లు కొందరు అదే దారిన వెళ్లి, రొంపిచెర్ల దాటాక కాలవ గట్టు నీడ బాగుందనీ, కారంపూడిలో నేను చెప్పిన చోటే దోసెలు తిన్నామనీ మెసేజీలు పెట్టారు. దారి గురించి నేను రాసిందంతా నిజం. ఒక మనిషి గురించి రాసింది మాత్రం అబద్ధం. రాసేటప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. దాన్ని సరిచేయడానికి పోయిన నెల మళ్లీ ఆ దారిన వెళ్లొచ్చాను.

ముందు అప్పుడేం జరిగిందో చెప్పాలి. మాచర్ల నుంచి తిరిగి వస్తుంటే రెంటచింతల దగ్గర వెనక చక్రానికి మూడు చువ్వలు తెగాయి. ఎలాగో గురజాల చేరాను. అక్కడ మాచర్ల రోడ్డులో మస్తానయ్య అనే పెద్దాయన సైకిలు షాపు ఉంది. ఆ దారిన పోయే సైకిలువాళ్లందరికీ ఆయన బాబాయ్. మధ్యాహ్నం మూడింటికి కూర్చుని చక్రం మొత్తం విప్పి, కొత్త చువ్వలు వేసి, సాయంత్రానికల్లా కట్టిచ్చాడు. ఆ రాత్రి గురజాలలోనే లాడ్జిలో పడుకున్నాను.

పొద్దున్నే లేచి, బయల్దేరే ముందు చువ్వల బిగుతు చూద్దామనుకున్నాను. నేను పగలు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. మిగిలిన వేళల్లో మృదంగం వాయిస్తాను. ముప్పై ఏళ్లుగా హరికథలకీ పెళ్లిళ్లకీ వాయించిన చెయ్యి. మృదంగం కుడి మూత చుట్టూ ఎక్కడ తట్టినా ఒకే శ్రుతి పలకాలి. ఒకచోట ఎక్కువ పలికితే దించాలి, తక్కువ పలికితే ఎక్కించాలి. చక్రం కూడా గుండ్రంగానే ఉంది కదా అనుకున్నాను. ముందు చక్రం చువ్వల్ని గోటితో మీటితే అన్నీ ఒకేలా పలికాయి. వెనక చక్రానికి మాత్రం చైను వైపు చువ్వలు టింగుమంటున్నాయి, ఎడమ పక్కవి టంగుమంటున్నాయి. పెద్దాయనకు చెవి లేదని నవ్వుకున్నాను. చువ్వ చివర రిమ్ము దగ్గర చిన్న నట్టు ఉంటుంది, నిప్పిలు అంటారు. దాన్ని తిప్పే కీ నా సంచిలో ఉంది. చైను వైపు పద్దెనిమిది చువ్వల్నీ వదులు చేసి, ఎడమ పక్క శ్రుతికి దించాను. రిమ్ము ఎడమకి జరిగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటే, బ్రేకునే కాస్త జరిపాను. చక్రమంతా ఒకే స్వరం పలికింది. చాలా తృప్తిగా బయల్దేరాను.

నాగులేరు దిగుడులో గుంట తగలగానే వెనక చక్రం అప్పడంలా మెలిపడిపోయింది. నా భుజం ఎముక విరిగింది.

నరసరావుపేటలో సైకిలు షాపతను ఆ చక్రం చూసి, “చైను వైపు చువ్వలు లూజుగా వదిలేశారండీ. ఎవరు కట్టారు?” అన్నాడు. పక్కన మా బావమరిది ఉన్నాడు. ఈ వయసులో సైకిలేంటని అప్పటికే ఆసుపత్రిలో రెండుసార్లు అన్నాడు. “గురజాలలో ఒకతను” అన్నాను. ఆ ఒక్క మాట చాలింది. ఇంటికొచ్చేసరికి అందరూ దాన్ని నమ్మారు. వ్యాసం రాయడానికి కూర్చునేసరికి అది నాక్కూడా సులువైపోయింది. చైను వైపు బిగించడం మరిచిపోయే మనిషికి మీ ప్రాణాలు అప్పగించకండి అని రాశాను. షాపు ఎక్కడుందో కూడా రాశాను.

ఈ చలికాలం మొదట్లో మా మిత్రుల్లో ఒక కుర్ర ఇంజనీరు గురజాల వెళ్లొచ్చి చెప్పాడు. “సార్, మీరు రాసిన పెద్దాయన ఇప్పుడు చక్రాలు ముట్టుకోడంట. పంచర్లేస్తాడు, గాలి కొడతాడు, అంతే. మీ వ్యాసం పేజీ షాపు గోడకి అంటించి ఉంది.”

“ఎవరంటించారు?”

“ఆయనేనంట సార్.”

ఆ తర్వాత మృదంగం పట్టుకుంటే వేళ్లు ఆడలేదు.

మాఘమాసం, ఆదివారం. తెల్లవారుజామున ఐదూ ఇరవైకి బయల్దేరాను. వెనక క్యారియర్ మీద అప్పటి వంకర చక్రం, దాని పక్కన కొత్త రిమ్ము కట్టాను. చువ్వల పొట్లం సంచిలో ఉంది. కట్టమని అడిగే ముఖం నాకుందో లేదో తెలియదు, అయినా తీసుకెళ్లాను. మా ఆవిడ సుగుణ గేటు దగ్గర నిలబడి, “నిజం చెప్పడానికి అరవై డెబ్భై కిలోమీటర్లు తొక్కాలా? ఫోను చెయ్యొచ్చుగా” అంది. ఫోనులో అయితే మళ్లీ ఏదో ఒకటి కప్పిపుచ్చుతానని నా భయం. ఆమెకు మాత్రం, “సాయంత్రం మందు వేసుకో” అని చెప్పి పెడలు తొక్కాను.

ఊరు దాటగానే మంచు కమ్ముకుంది. లైటు వెలుగు నాలుగు బారల దూరం పోయి ఆగిపోతోంది. ఎదురుగా వచ్చే ట్రాక్టరు ముందు శబ్దంగా, తర్వాత పసుపు మరకగా, ఆ తర్వాత ట్రాక్టరుగా వచ్చి, మళ్లీ శబ్దమై వెనక్కి పోయేది. వెనక కట్టిన చక్రం చువ్వలు కుదుపు వచ్చినప్పుడల్లా వాటిలో అవి గలగలమంటున్నాయి. ఎవరో నా వెనకే కూర్చుని గొణుగుతున్నట్టుంది.

ఏడూ పదికి రొంపిచెర్ల. టీ పది రూపాయలు. టీ కొట్టతను గ్లాసు ఇస్తూ నా సైకిలు చుట్టూ తిరిగొచ్చాడు.

“ఏందండీ అది, స్టెప్నీనా?”

“అనుకోండి.”

“ఇట్టాంటి స్టెప్నీ పెట్టుకోటం కంటే నడిచిపోటం మేలు గదా!”

బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వడం అదే మొదలు.

అక్కడి నుంచి ఎండ మంచులోకి కొద్దికొద్దిగా దిగింది. సాగర్ కాలవ నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. రోడ్డుకి అటూ ఇటూ పత్తి చేలల్లో ఆఖరి తీత పత్తి అక్కడక్కడా తెల్లగా మిగిలి ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే మిరప కల్లాలు. మంచు తెర వెనక నుంచి అంత ఎరుపు ఒక్కసారిగా బయటపడితే నేలకు నిప్పంటుకుందేమో అనిపిస్తుంది. ఘాటు మాత్రం ఎరుపు కంటే ముందే గొంతుకి తెలుస్తుంది. ఇటు వచ్చేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కాయలు కోయడానికి పోతున్న ఆడవాళ్లు ట్రాలీ ఆటోలో నన్ను దాటుతూ అరిచారు. “ఓ అప్పడాలయ్యా! అప్పడం ఒక్కటే మిగిలిందే!” ఆటో మంచులో కలిసిపోయినా ఆ నవ్వులు చాలాసేపు రోడ్డు మీదే ఉన్నాయి.

పదీ పావుకి కారంపూడి. దోసె నలభై రూపాయలు, చట్నీ అప్పటిలాగే బాగుంది. ఊరు దాటి నాగులేరు దిగుడు దగ్గర సైకిలు ఆపాను. ఈసారి నాకది ఎగుడు. నేను పడ్డ గుంటను తారుతో పూడ్చారు, చుట్టూ రోడ్డు కంటే అక్కడ నల్లగా ఉంది. ఏట్లో సన్నటి నీటి పాయ, దాని మీద తూనీగలు. నిజంగా ఇక్కడే పడ్డానా, లేక చెప్పి చెప్పి ఇక్కడ పడ్డానని నమ్ముతున్నానా అని ఒక క్షణం తికమకపడ్డాను. అబద్ధం చెప్పిన చోట నిజం కూడా మసకబారుతుందని అప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి నాపరాళ్లు నిలబెట్టి కట్టిన కంచెలు మొదలయ్యాయి. పలకలు పలకలుగా ఎండలో తళతళమంటున్నాయి. ఒంటిగంటన్నరకి గురజాల చేరాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఐదు వందలు. శుభ్రంగానే ఉంది, నీళ్లు ఉప్పగా ఉంటాయి. నేరుగా షాపుకి పోవాల్సింది. స్నానం చేసి ఫ్యాను కింద పడుకున్నాను. నిద్ర కాదు, మెలకువా కాదు. ఫ్యాను రెక్కలు చువ్వల్లా కనిపించాయి. ఎవరో ఒక్కో చువ్వా మీటుతున్నారు. పదిహేడు లెక్కపెట్టాను, పద్దెనిమిదోది పలకలేదు. మూడున్నరకి లేచి మొహం కడుక్కుని బయల్దేరాను.

షాపు ముందు సగంలో ఒక ఆవిడ మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఆమె మస్తానయ్య కూతురు కోటమ్మ. రెండేళ్ల కిందట నాకు టీ తెచ్చిచ్చింది ఆమే. వెనక సగంలో మస్తానయ్య నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. చిక్కిపోయాడు. చక్రం బెండు తీసే స్టాండు మూలన ఉంది, దాని మీద కోటమ్మ గుడ్డ ముక్కలు ఆరేసి ఉన్నాయి. గోడ మీద మా పత్రిక పేజీ. దాని అంచులు పసుపెక్కాయి.

“పంచరా అండీ?” అన్నాడు తలెత్తకుండా.

“కాదు బాబాయ్” అని వంకర చక్రం విప్పి ఆయన ముందు పెట్టాను.

ఆయన చెయ్యి తుడుచుకున్నాడు. చక్రం నడుమనున్న హబ్బు తిప్పి చూశాడు. చువ్వ వంపు మీద వేలు పెట్టాడు. “ఇది నేను కట్టిందే” అన్నాడు మెల్లిగా. తర్వాత చైను వైపు చువ్వలు రెండు రెండు కలిపి నొక్కుతూ చుట్టూ వచ్చాడు. “లూజే. నిజమే రాశారు. చూపిచ్చటానికి తెచ్చారా?”

ఇంతదూరం తొక్కుతూ అనుకున్న మాటలన్నీ పోయాయి. “మీరు బిగించారు బాబాయ్. పొద్దున నేనే వదులు చేశాను. నా చేత్తో. తెలిసే మీ మీద రాశాను.”

మిషను ఆగింది.

“ఏందీ?” అంది కోటమ్మ. లేచి వచ్చింది. “ఏందన్నా నువ్వు చెప్పేది? రెండేళ్లు! ఆ కాయితం చదివి ఇనిపిచ్చింది నేనే. చదవనన్నా, చదవమన్నాడు. మళ్లా చదవమన్నాడు. గోడకి అంటిస్తుంటే నేను పీకితే, మళ్లా అంటిచ్చాడు. చదువుకున్నోడివి గదా! నీ చేత్తో నువ్వు తిప్పావని రాయటానికి అక్షరాలు చాల్లేదా నీకు?”

“కోటమ్మా” అన్నాడు మస్తానయ్య.

“నువ్వుండు నాయనా! దారినపోయే సైకిలోళ్లు మన షాపు చూసి తల తిప్పుకొని పోతంటే, నువ్వు గూడా తల దించుకున్నావు. ఇదిగో, ఈయన కోసం!”

తల దించుకుని నిలబడ్డాను.

మస్తానయ్యకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అప్పటిదాకా ‘అండీ’ అన్నవాడు ‘నువ్వు’లోకి దిగాడు. “ఎన్ని తిప్పులు తిప్పావు?”

“ముప్పావు తిప్పు. కొన్నిటికి ఒకటి.”

“పద్దెనిమిదింటికీనా?”

“పద్దెనిమిదింటికీ.”

“ఎందుకు?”

మృదంగం సంగతి చెప్పాను. ఆయన అద్దెకిచ్చే పాత సైకిలొకటి గోడకి ఆన్చి ఉంటే, దాని చక్రం మీద ఎలా మీటానో చేసి చూపించమన్నాడు. చూపించాను. గోటితో మీటి చెవి దగ్గరగా పెట్టి వింటుంటే, ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు.

“నా మీద జాలిపడి చెప్తన్నావేమో” అన్నాడు చివరికి.

“లేదు బాబాయ్.”

“అప్పుడు రాసింది అబద్ధమంటన్నావు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెట్టా నమ్మాల?” ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. “నీకు తెలవదు అబ్బాయ్. ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. అప్పటికి కంటి ఆపరేషనై నెల కాలా. మూడింటికి కూచున్నా. ఎడమ పక్క బిగుతు చూశా. కరెంటు పొయ్యింది. ఇది టీ తెచ్చింది. తాగా. గ్లాసు కింద పెట్టా. ఆ తర్వాత చైను వైపు పట్టానా లేదా... అక్కడ నాకేం కనపడదు. తెల్లగా ఉంటది. పొద్దున మంచు ఉంటది చూడు, అట్టా. దాంట్లో చెయ్యి పెట్టి రెండేళ్ల నుంచి ఎతుక్కుంటన్నా.”

కొత్త రిమ్ము, చువ్వల పొట్లం ఆయన వైపు జరిపాను. “మీరే మళ్లీ కట్టాలి బాబాయ్.”

“నేను చక్రాలు కట్టట్లా” అని ట్యూబు మళ్లీ నీళ్లలో ముంచాడు. సామానంతా అక్కడే వదిలేసి లాడ్జికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికి వీడ్కోలు చెబుదామని వెళ్లాను. స్టాండు మీద గుడ్డ ముక్కలు లేవు. నా పాత హబ్బు కిరసనాయిలుతో కడిగి మెరుస్తోంది. ఆయన ఒళ్లో కొత్త రిమ్ము, చుట్టూ చువ్వలు. అప్పటికే సగం గుచ్చాడు.

“కూచో” అన్నాడు. “మాట్టాడబాక.”

కూర్చున్నాను. ఆ మూడు గంటలు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. వీధిలోంచి పాలవాడి హారన్లు, బస్టాండు మైకులో ఊళ్ల పేర్లు, కోటమ్మ మిషను, అన్నీ నీళ్లడుగు నుంచి వినిపిస్తున్నట్టుంది. చువ్వ మీద నుంచి చువ్వ, కింద నుంచి చువ్వ దూరి, హబ్బు చుట్టూ సాలెగూడులా పరుచుకుంది. అన్నిటినీ కొద్దికొద్దిగా, మూడు నాలుగు చుట్లలో ఎక్కించాడు. ఒకేసారి ఏ చువ్వనీ బిగించలేదు. రిమ్ము ఊగుడు తీశాక కళ్లు మూసుకున్నాడు.

“కన్ను ఊగుడే చూస్తది” అన్నాడు, నన్ను మాట్లాడొద్దన్నవాడు తనే. “బిగుతు కనపడదు. అది చేతికే తెలవాల.” పక్కపక్క చువ్వలు రెండేసి పిడికిట్లో పట్టి నొక్కుతూ చుట్టూ తిరిగాడు. అలా నొక్కినప్పుడు కొన్ని చువ్వలు టిక్కుమని సర్దుకున్నాయి. అలా సర్దుకోకుండా దారిలోకి పంపితే అవి దారిలో సర్దుకుంటాయట, చక్రం వదులైపోతుందట. తర్వాత ఎడమ పక్క ఒక్కో చువ్వా మీటాడు. తక్కువ స్వరం, చుట్టూ ఒకేలా.

“నువ్వు చేసిన తప్పు ఏందో చెప్పనా? అటు పక్కోళ్లని ఇటు పక్కోళ్లతో పోల్చావు. ఎడమ పక్కోళ్లని ఎడమ పక్కోళ్లతోనే పోల్చాల. చైను వైపు గేరు పళ్లు ఉండాయి గదా, అయ్యి చోటు తింటయ్యి. ఆ పక్క చువ్వలు నిటారుగా నిలబడి లాగాల, గట్టిగా లాగాల. ఈ పక్కోళ్లు దూరంగా కాళ్లు చాపుకొని తేలిగ్గా లాగుతారు. ఇద్దరూ ఒకే మాదిరి పలికితే రిమ్ము మధ్యలో ఎందుకుంటది?”

ఎడమ పక్క పూర్తయింది. సరిగ్గా అప్పుడే కోటమ్మ టీ తెచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయనా గ్లాసు వైపు చూశాడు.

“అక్కడ పెట్టు” అన్నాడు. “తర్వాత తాగుతా.”

చైను వైపు మొదలుపెట్టాడు. కీ తిప్పడం, నొక్కడం, మీటడం. మొదటి చువ్వకి చిన్న దారప్పోగు కట్టుకున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోకుండా. అదంతకు ముందు ఆయనకు లేని అలవాటు, నేను చేయించిన అలవాటు. దారప్పోగు దగ్గరికి తిరిగి వచ్చాక ఇంకొక చుట్టు వేశాడు. ఆ తర్వాత ఇంకొకటి. టీ మీద మీగడ కట్టింది.

పదిన్నరకి చక్రం సైకిలుకి ఎక్కించాడు. మామూలు మజూరీ మూడు వందలే తీసుకున్నాడు, తగ్గించలేదు, ఎక్కువ ఇస్తే పుచ్చుకోలేదు. కోటమ్మ గోడ దగ్గరికి పోయి పేజీ అంచు పట్టుకుంటే, “ఉండనీ” అన్నాడు. “ముందు ఈయన ఇంటికి చేరనీ.”

నాకు చెప్పిన షరతులు మూడు. వచ్చిన దారినే పోవాలి, అంతే బరువుతో. సైకిలుకి అప్పటిదాకా ఉన్న వెనక చక్రాన్ని, వంకర రిమ్మునీ కలిపి క్యారియర్ మీద కట్టేశాడు. నాగులేరు దిగుడులో మరీ బ్రేకు పట్టకూడదు. “దారిలో చువ్వ ముట్టుకున్నావా, ఇంక ఈ షాపుకి రాబాక. ఇంటికి పొయ్యాక ఫోను చెయ్యి. ముందు చెయ్యబాక.”

“నిలబడకపోతే?” అంది కోటమ్మ.

“నిలబడకపోతే ఈయన మంచోడు, మనల్ని ఓదార్చటానికొచ్చాడు. నాకు చేతకాలా. అంతే గదా” అన్నాడు ఆయన.

పదకొండుంబావుకి గురజాల వదిలాను. అంతకుముందు నా నిజాయితీ గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు దానికి సాక్ష్యం ముప్పై ఆరు చువ్వలు. ఎండ తెల్లగా కాస్తోంది. రోడ్డు దూరంలో నీళ్లలా కదులుతోంది. చక్రం చిన్నగా ఒకే తీరున రొద పెడుతోంది, తేనెటీగ ఒకటి వెంట వస్తున్నట్టు. ఆ రొద మారిందేమోనని ప్రతి మైలుకీ అనుమానం. మారితే ఆ పెద్దాయన జీవితాంతం ఆ తెల్లటి మంచులోనే వెతుక్కుంటాడు. చెవిని అంత నమ్మి చెడ్డవాణ్ని, మళ్లీ చెవి తప్ప నాకింకేం లేకపోయింది. కాసేపటికి నేను తొక్కుతున్నది రోడ్డు మీద కాదనీ, ఆయన చెప్పిన ఆ సాయంత్రం లోపలే అనీ అనిపించింది. ఎక్కడో కరెంటు పోయిన గదిలో ఆయన గ్లాసు కింద పెట్టి కీ అందుకుంటున్నాడు, నా చక్రం తిరిగినంతసేపూ ఆయన చెయ్యి ఆగడం లేదు.

రెండింటికి నాగులేరు దిగుడు. బ్రేకు వదిలాను. సగంలో ఉండగా ఎదురుగా పత్తి బోరేలు, పెద్ద పెద్ద గోతాలు వేసుకున్న ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించుకుని వచ్చింది. తప్పుకోబోతే తారు అంచు దిగి రాళ్లలో పడ్డాను. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, మూడోది వెన్ను దాకా తగిలింది. వెనక కట్టిన వంకర రిమ్ము ఒక్కసారి ఎగిరి పడింది. మళ్లీ తారెక్కేసరికి వంతెన మీద ఉన్నాను. ట్రాక్టరతను వెనక్కి తిరిగి అరిచాడు.

“పడలేదుగా?”

“పడలా!” అన్నాను. ఆ మాట నా నోట పల్నాడు యాసలో వచ్చింది.

వంతెన చివర దిగాను. చెయ్యి దానంతటదే వెనక చక్రం వైపు పోయింది. చువ్వ దాకా పోయి ఆగింది. చేతిని జేబులో పెట్టుకుని, సైకిలు ఎత్తి చక్రం ఒకసారి తిప్పి చూశాను. రిమ్ము రెండు బ్రేకు రబ్బర్ల మధ్య నుంచి ఊగకుండా పోతోంది. మళ్లీ ఎక్కాను.

నాలుగూ నలభైకి రొంపిచెర్లలో మజ్జిగ. ఆరున్నరకి మా వీధి. గేటు ముందు సైకిలు దిగకుండానే ఫోను చేశాను. కోటమ్మ ఎత్తి, ఏమీ అడగకుండా తండ్రికిచ్చింది.

“చేరావా?”

“చేరాను బాబాయ్.”

“యాడన్నా ఊగిందా?”

“లేదు. నాగులేరు దగ్గర రాళ్లలోకి కూడా దిగాను.”

“చెయ్యి పెట్టావా?”

“పెట్టలేదు.”

ఫోను పోయిందేమోనని చూసుకున్నాను. వెనక మిషను చప్పుడు కూడా లేదు.

“అయితే” అన్నాడు, “ఆ సాయంత్రం నేను బిగిచ్చాననే గదా.”

“బిగించారు.”

“ఊఁ.” ఫోను కోటమ్మ చేతికి మారింది.

“నాయన ముసలోడు, మర్చిపోతాడు. నేను మర్చిపోనన్నా” అంది. “రాసేది తొరగా రాయి.”

రాశాను. నన్ను క్షమించారని మాత్రం రాయడం లేదు, వాళ్లిద్దరూ ఆ మాట అనలేదు. పల్నాడు దారి మాఘమాసంలో చాలా బాగుంటుంది, మంచు విడిచేలోపు కాలవ దాటండి. గురజాలలో మీ చక్రం ఊగితే మాచర్ల రోడ్డులో కోటమ్మ కుట్టుమిషను ఎక్కడని అడగండి, వెనకాల మస్తానయ్య ఉంటాడు. చక్రం ఇచ్చి పక్కన కూర్చోండి. తొందరపెట్టకండి, పనిలో ఉంటే టీ ఇవ్వబోకండి. తీసుకున్నాక మీటి చూసుకోవాలనిపిస్తే చూసుకోండి. ఎడమ పక్క స్వరం కాస్త తక్కువగా వినిపిస్తుంది. అది అలాగే ఉండాలి.